మహిళా స్టేషన్ ఉంది కదమ్మా, అక్కడికెళ్ళండి

ఆంధ్రాలో హోం మంత్రి కుర్చీ ఆడవాళ్ళకి కొత్తేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లోనే సబితా ఇంద్రారెడ్డి ఆ కుర్చీలో కూర్చున్నారు, విభజన తర్వాత 2019లో మేకతోటి సుచరిత, 2022లో తానేటి వనిత, 2024లో వంగలపూడి అనిత. కానీ మొగుడు కొట్టాడని రాత్రి పదింటికి మండల కేంద్రంలో స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషికి ఎదురయ్యేది హోం మంత్రి కాదు కదా, ముందు సెంట్రీ, లోపలికెళ్తే ఫిర్యాదులు రాసుకునే రైటర్, అదృష్టం బాగుంటే ఎస్సై. అక్కడ వినపడే మాట ఏంటంటే "ఇవి మేము చూడమమ్మా, మహిళా స్టేషన్ ఉంది కదా, అక్కడికెళ్ళండి". ఆ మహిళా స్టేషన్ ఎక్కడుంటుంది? చాలా జిల్లాల్లో జిల్లా కేంద్రంలో. ఈ టైములో బస్సు ఉంటుందా లేదా అన్నది ఆవిడ బాధ.

మనం మామూలుగా మాట్లాడుకునేటప్పుడు రెండు ప్రశ్నల్ని కలిపేసి ఒకటే అనుకుంటాం. పోలీసుల్లో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారు అన్నది ఒకటి, పోలీస్ స్టేషన్‌కెళ్ళిన ఆడదానికి పని జరుగుతుందా అన్నది ఇంకోటి. మొదటిది సరిచేస్తే రెండోది దానంతటదే అయిపోతుందని ప్రభుత్వాలు చెప్తుంటాయి, మనమూ తలూపుతుంటాం. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది, మిగతా సగం ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇండియాలో ఆడవాళ్ళని పోలీసుల్లోకి తీసుకున్నది ఆడవాళ్ళ మంచి కోసం కాదు, అసలు కథ అక్కడే మొదలవుతుంది. 1933లో తిరువాన్కూరు సంస్థానంలో కొంతమందిని తీసుకున్నారు, 1938 ప్రాంతంలో కాన్పూర్‌లో కార్మికుల సమ్మె జరిగినప్పుడు సమ్మెలో ఉన్న ఆడవాళ్ళని అదుపు చెయ్యడానికి తీసుకున్నారు, దేశ విభజన తర్వాత ఢిల్లీలో శరణార్థి ఆడవాళ్ళతో, తప్పిపోయిన పిల్లలతో వ్యవహరించడానికి తీసుకున్నారు. అంటే ఎప్పుడు చూసినా లెక్క ఒకటే, మగ పోలీసు ఆడదాని మీద చెయ్యి వేస్తే గొడవైపోతుంది, కాబట్టి ఆ చెయ్యి వేసే పనికి ఒక ఆడమనిషి కావాలి. ఇవాళ్టికీ ధర్నాల దగ్గర మీరు చూసే దృశ్యం అదే, అంగన్‌వాడీ వర్కర్లో ఆశా వర్కర్లో రోడ్డెక్కితే వాళ్ళని వ్యాన్ ఎక్కించడానికి ముందు వరసలో నిలబడేది మహిళా కానిస్టేబుళ్ళు.

1972లో కిరణ్ బేడీ ఐపీఎస్‌లోకి వచ్చారు, 1973 అక్టోబరులో కేరళలో కోళిక్కోడ్‌లో దేశంలో మొదటి మహిళా పోలీస్ స్టేషన్‌ని ఇందిరాగాంధీ ప్రారంభించారు. పేపర్లలో వచ్చే చరిత్ర ఇది. ఇదే టైములో నడిచిన ఇంకో చరిత్ర ఉంది. 1972లోనే మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లోనే అత్యాచారం జరిగింది, 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసుల్ని వదిలేసింది, ఆ అమ్మాయి ఒంటి మీద గాయాల్లేవు, అరవలేదు అన్న ధోరణిలో తీర్పిచ్చింది. నలుగురు లా ప్రొఫెసర్లు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాస్తే దేశమంతా ఆడవాళ్ళ సంఘాలు కదిలాయి. మన హైదరాబాద్‌ది కూడా మర్చిపోకూడదు, 1978లో నల్లకుంట స్టేషన్లో ఒక ముస్లిం మహిళ మీద అత్యాచారం, ఆమె భర్త పోలీసు దెబ్బలకి చనిపోవడం, ఊరంతా అట్టుడికిపోవడం, పోలీసు కాల్పులు, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చడం, చివరికి కేసు కర్ణాటకకి వెళ్ళి అక్కడ నిందితులు బయటపడిపోవడం. ఈ రెండు కేసుల తాకిడితోనే 1983లో చట్టం మారి కస్టడీలో అత్యాచారం అనేది ప్రత్యేక నేరం అయ్యింది. అదే సంవత్సరం భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద సెక్షన్ 498ఎ కూడా వచ్చింది.

ఆ తర్వాత చట్టాలన్నీ ఒకే దారిలో నడిచాయి. స్టేషన్ అనేది ఆడవాళ్ళకి ప్రమాదమైన చోటు అని ఒప్పుకున్నట్టే, ప్రతి మెట్టు దగ్గరా ఒక మహిళా పోలీసుని కాపలా పెట్టుకుంటూ వచ్చారు. ఆడవాళ్ళ ఒళ్ళు తనిఖీ చెయ్యాలంటే ఆడమనిషే చెయ్యాలి. 2005 సవరణతో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్ళని అరెస్ట్ చెయ్యకూడదన్నారు, తప్పని పరిస్థితి అయితే మహిళా అధికారి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకుని చెయ్యాలి. 2012లో వచ్చిన పోక్సోలో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) పిల్లల వాంగ్మూలం వీలైనంతవరకు ఎస్సై ర్యాంకుకి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా తీసుకోవాలి అని ఉంది. 2013 సవరణతో అత్యాచారం, వేధింపుల లాంటి కేసుల్లో బాధితురాలి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలన్నారు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) పోయి దాని బదులు బీఎన్ఎస్ఎస్ వచ్చినా ఇవన్నీ అలాగే ఉన్నాయి.

బాగుంది, మరి ఆ మహిళా అధికారి ఎక్కడుంది? 2013 ఏప్రిల్లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి రాసింది, పోలీసుల్లో ఆడవాళ్ళు 33 శాతం ఉండాలి, ప్రతి స్టేషన్లో కనీసం 3 మంది మహిళా ఎస్సైలు, 10 మంది మహిళా కానిస్టేబుళ్ళు ఉండాలి, అప్పుడే 24 గంటలూ హెల్ప్ డెస్క్ నడుస్తుంది అని. 2022 జనవరి లెక్కకి దేశం మొత్తం మీద వచ్చింది 12 శాతం కూడా నిండలేదు. 33 శాతం అన్నది సలహా మాత్రమే, పోలీసు అనేది రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి కేంద్రం ఎన్నిసార్లు ఉత్తరం రాసినా అది ఉత్తరంగానే మిగిలిపోతుంది.

"రిజర్వేషన్ ఇచ్చాం కదా" అంటారు. బీహార్ 2013లో పోలీసు ఉద్యోగాల్లో ఆడవాళ్ళకి 35 శాతం ఇచ్చింది, అది వరసగా భర్తీ చేస్తూ పోయింది కాబట్టి ఇప్పుడు అక్కడ వాటా 20 శాతం దాటింది, ఆ విషయంలో బీహార్ మనకంటే మేలు, ఇది చాలామందికి మింగుడుపడదు. తెలంగాణలో సివిల్ పోలీసు పోస్టుల్లో 33 శాతం, ఏఆర్‌లో (ఆర్మ్డ్ రిజర్వ్) 10 శాతం ఇచ్చారు. కానీ రిజర్వేషన్ అనేది కొత్తగా చేరేవాళ్ళకే కదా వర్తించేది. ఊరికే ఒక లెక్క వేసి చూడండి. 1000 మంది ఉన్న ఫోర్స్, అందులో 120 మంది ఆడవాళ్ళు. ఏటా 30 మంది రిటైర్ అవుతారు, 30 మంది చేరతారు, చేరేవాళ్ళలో 10 మంది ఆడవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళలో ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు. అంటే ఏడాదికి పెరిగేది 7 లేదా 8. 330కి చేరడానికి దాదాపు 28 ఏళ్ళు, అదీ ప్రతి ఏడూ తప్పకుండా నోటిఫికేషన్ పడితే. మన దగ్గర ప్రతి ఏడూ పడటం అన్న మాటే లేదు, తెలంగాణలో 2018 తర్వాత మళ్ళీ 2022, ఆంధ్రాలో 2022 చివర్లో వేసిన కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కి ఫైనల్ రిజల్ట్ వచ్చేసరికి 2025 అయ్యింది. ఆ మధ్యలో వయసు దాటిపోయిన అమ్మాయిల్ని, పెళ్ళి చేసేసి పంపించేసిన అమ్మాయిల్ని ఏ రిపోర్టూ లెక్కపెట్టదు.

ఇక ఉన్నవాళ్ళు ఎక్కడున్నారో చూస్తే ఇంకా నిరాశ. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలో మహిళా పోలీసులు సుమారు 2.4 లక్షల మంది, అందులో 2.17 లక్షల మంది కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ స్థాయిలోనే, ఎస్సై నుంచి డీఎస్పీ దాకా కలిపితే పాతిక వేల లోపు, ఐపీఎస్ ర్యాంకుల్లో వెయ్యి మంది కూడా లేరు. పైన చెప్పిన చట్టాలు చాలావాటికి అడిగేది అధికారిని, కాబట్టి ఏదైనా కేసు పడగానే పక్క స్టేషన్ నుంచో డివిజన్ ఆఫీసు నుంచో ఒక మేడంని పిలిపిస్తారు, ఆవిడ వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుని సంతకం పెట్టి వెళ్ళిపోతుంది. దర్యాప్తు ఎవరిది? సీఐ సార్‌ది. ఛార్జిషీట్? సార్‌దే. కోర్టులో ఆ కేసు నిలబడిందా పడిపోయిందా అన్నది ఆవిడకి తెలిసే అవకాశమే తక్కువ.

స్టేషన్లో పోస్టింగుల సంగతి తెలిసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. లా అండ్ ఆర్డర్ స్టేషన్లో ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి) అంటే అదొక రాజ్యం, దాని కోసం ఎమ్మెల్యేల చుట్టూ తిరిగేవాళ్ళు ఉంటారు. ఆడ అధికారులకి ఎక్కువగా దక్కేవి మహిళా స్టేషను, ట్రైనింగ్ కాలేజీ, కంట్రోల్ రూమ్, అంటే డిపార్ట్‌మెంట్ భాషలో లూప్‌లైన్, పక్కన పెట్టిన పోస్టింగులు. కానిస్టేబుళ్ళకి రిసెప్షన్, రికార్డులు, కంప్యూటర్, వీఐపీ బందోబస్తు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థలవాళ్ళు కలిసి 2019లో చేసిన సర్వేలో కూడా ఇదే తేలింది, ఆడవాళ్ళకి లోపలి పనులు, మగవాళ్ళకి బయటి పనులు. అదే సర్వేలో పోలీసులు సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నారని, ప్రతి ఐదుగురు మహిళా పోలీసుల్లో ఒకరికి పనిచేసే చోట విడిగా టాయిలెట్ లేదని కూడా ఉంది. జాతరలకి, ఎన్నికల సభలకి బందోబస్తు వేస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్ళు తాగకుండా నిలబడే మహిళా కానిస్టేబుళ్ళ గురించి పోలీసు కుటుంబాల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. తాగితే ఎక్కడికి వెళ్ళాలి?

ఇప్పుడు అసలు విషయం, మహిళా స్టేషన్లు. 1992లో జయలలిత చెన్నై థౌజండ్ లైట్స్‌లో మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడు అంతా పెట్టుకుంటూ పోయారు, మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఐడియా చాలా సింపుల్, ఆడవాళ్ళు ఆడవాళ్ళ దగ్గర మనసు విప్పి మాట్లాడతారు. పనిచేసిందా అంటే, వేరువేరు చోట్ల వేరువేరు జవాబులు వచ్చాయి. దేశంలోని నగరాల్లో మహిళా స్టేషన్లు పెట్టకముందు, పెట్టాక కేసుల్ని పోల్చి చూసిన ఒక అధ్యయనంలో ఆడవాళ్ళ మీద నేరాల నమోదు 29 శాతం పెరిగిందని తేలింది, ఆ పెరుగుదల ఎక్కువగా ఇంట్లో హింసకి సంబంధించిన కేసుల్లోనే. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి, నేరాలు పెరగలేదు, రాయించుకోవడం పెరిగింది. ఇది మంచి వార్త.

కానీ హర్యానాకి వస్తే కథ తిరగబడింది. 2015 ఆగస్టులో రాఖీ పండగ వేళ జిల్లాకొకటి చొప్పున మహిళా స్టేషన్లు తెరిచారు (అన్న కానుక అన్నమాట). ఆ రాష్ట్రంలో వేల ఎఫ్‌ఐఆర్‌లు పట్టుకుని చూసిన అధ్యయనం ఏం చెప్పిందంటే, కేసుల నమోదు పెరగలేదు, మామూలు స్టేషన్లకి మాత్రం బరువు తగ్గింది, ఎందుకంటే ఆడవాళ్ళ ఫిర్యాదు ఏదొచ్చినా "అది మహిళా స్టేషన్ పని" అని పంపించేయడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకి ప్రయాణం ఖర్చు పెరిగింది. అంత దూరం వెళ్తే అక్కడ జరిగేది చాలావరకు కౌన్సెలింగ్, రాజీ. అంటే ఆడవాళ్ళ కోసం తలుపు తెరిచామని చెప్పి, ఉన్న పెద్ద తలుపుకి గడియ పెట్టినట్టయ్యింది.

మధ్యప్రదేశ్‌లో ఇంకోలా చేశారు, నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. విడి స్టేషన్ కాకుండా, ఉన్న మామూలు స్టేషన్లోనే మహిళా హెల్ప్ డెస్క్ పెట్టారు, 180 స్టేషన్లు తీసుకుని కొన్నిట్లో డెస్క్ పెట్టి, కొన్నిట్లో ఆ డెస్క్ మీద తప్పనిసరిగా మహిళా అధికారిని కూర్చోబెట్టి, కొన్నిట్లో ఏమీ పెట్టకుండా పోల్చి చూశారు. డెస్క్ ఉన్నచోట ఆడవాళ్ళ కేసుల నమోదు పెరిగింది, ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్ళడం మాత్రం మహిళా అధికారి కూర్చున్న డెస్కుల దగ్గర ఎక్కువగా కనపడింది. అంటే మహిళా పోలీసు వల్ల తేడా వస్తుంది, రాదని కాదు, కానీ ఆవిడని ఊరి చివర విడి బిల్డింగులో కూర్చోబెడితే ఒకలా, అందరూ వచ్చే స్టేషన్ మధ్యలో పెన్నూ అధికారమూ ఇచ్చి కూర్చోబెడితే ఇంకోలా.

ఇక్కడ ఒక మెలిక ఉంది, కౌన్సెలింగ్ అనేది పోలీసులు సొంతంగా కనిపెట్టింది కాదు. ఏ నేరం చెప్పినా ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, అదే తీర్పులో భార్యాభర్తల గొడవల్లో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు అని వెసులుబాటు ఇచ్చింది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో 498ఎ కింద వెంటనే అరెస్టులు వద్దంది. ఆ తీర్పులకి వాటి కారణాలు వాటికున్నాయి, అనవసరంగా ముసలి అత్తమామల్ని జైల్లో పెట్టిన కేసులు లేవని ఎవరూ అనరు. కానీ కింద స్టేషన్లో అది ఎలా దిగిందంటే, ముందు మూడుసార్లు కౌన్సెలింగ్, ఇద్దర్నీ కూర్చోబెట్టి పంచాయితీ, "పిల్లల మొహం చూసి సర్దుకుపో అమ్మా" అన్న మాట, ఆ మాట చాలాసార్లు అనేది ఖాకీ వేసుకున్న ఇంకో ఆడమనిషే.

ఎందుకంటుంది? మన ఇళ్ళలోంచే కదా వచ్చింది ఆవిడ కూడా. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సబబేనని ఒప్పుకున్న ఆడవాళ్ళు తెలంగాణలో, ఆంధ్రాలో దాదాపు 84 శాతం. చెప్పకుండా బయటికెళ్తే, పిల్లల్ని సరిగ్గా చూడకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలాంటి ఏడు కారణాల్లో ఒకటైనా. దేశంలోనే పై వరసలో ఉన్నాం మనం, సాఫ్ట్‌వేర్ ఎగుమతుల్లోనే కాదు. అదే సర్వే ప్రకారం హింస అనుభవించిన ఆడవాళ్ళలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగిన కొద్దిమందీ ముందు వెళ్ళింది పుట్టింటికి. పోలీసు దాకా వచ్చేది ఎంత సన్నటి దారో ఆలోచించండి, అంతదూరం వచ్చిన ఆవిడకి మళ్ళీ సర్దుకుపో అని చెప్తే ఇక రెండోసారి రాదు.

అందుకే నేను మహిళా కానిస్టేబుల్ని తప్పుపట్టను. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన మనసు మారిపోదు, పైగా ఆ స్టేషన్లో ఆవిడ చెప్పినట్టు నడిచేది ఏమీ లేదు. ఎఫ్‌ఐఆర్ కట్టాలా వద్దా అన్నది ఎస్‌హెచ్‌ఓ నిర్ణయం, ఎస్‌హెచ్‌ఓకి నెలాఖరు క్రైమ్ మీటింగులో ఎస్పీ అడిగేది "మీ దగ్గర కేసులు ఎందుకు పెరిగాయి" అని. దీనికి మనమూ, మీడియా కూడా బాధ్యులమే. 2022లో దేశంలో ఆడవాళ్ళ మీద నేరాలు 4.45 లక్షల కేసులు నమోదయ్యాయి, అందులో మూడో వంతుకి కాస్త తక్కువ భర్త, అత్తింటివాళ్ళ వేధింపులవే. దేశంలో నేరాల లెక్కలు చెప్పే ఎన్‌సీఆర్‌బీ పుస్తకం రాగానే ఏ రాష్ట్రంలో కేసులు పెరిగాయో ఆ ప్రభుత్వాన్ని ప్రతిపక్షం ఉతికి ఆరేస్తుంది. సరిగ్గా కేసులు రాసుకున్న రాష్ట్రం పరువు పోగొట్టుకుంటుంది, రాయకుండా తరిమేసిన రాష్ట్రం బాగున్నట్టు కనపడుతుంది. ఈ లెక్క మారనంతకాలం ఏ ఎస్‌హెచ్‌ఓ అయినా, ఆడైనా మగైనా, పెన్ను తీయడానికి వెనకాడతారు.

మన రెండు రాష్ట్రాల ప్రయోగాల్ని కూడా ఈ కళ్ళతో చూస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న స్వాతి లక్రా ఆధ్వర్యంలో మొదలైన షీ టీమ్స్ చాలావరకు పనిచేశాయనే చెప్పాలి, మఫ్టీలో బస్‌స్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిలబడి వీడియో తీసి పట్టుకోవడం, వాట్సాప్‌లో ఫిర్యాదు తీసుకోవడం. అందులో మగ పోలీసులూ ఉంటారు, ఆడ పోలీసులూ ఉంటారు, పోలీసులే ఆడవాళ్ళు ఉన్న చోటికి వెళ్ళారు. కానీ అవి వీధిలో వేధింపుల కోసం పుట్టినవి, ఇంట్లో దెబ్బలకి మళ్ళీ స్టేషనే గతి.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన, ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య, గుర్తుంది కదా. కూతురు కనపడటం లేదని ఆ రాత్రి ఇంటివాళ్ళు వెళ్తే ఇది మా పరిధా మీ పరిధా అన్న దగ్గర టైము పోయింది, ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. జనం మాట్లాడింది మాత్రం నిందితుల ఎన్‌కౌంటర్ గురించి, పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. 2022లో సిర్పుర్కర్ కమిషన్ అది నిజమైన ఎన్‌కౌంటర్ కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చాక ఆ చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ మాట్లాడలేదు. పక్కన ఆంధ్రాలో దిశ బిల్లు పాస్ చేశారు, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అయినా 2020 ఫిబ్రవరిలో రాజమండ్రితో మొదలుపెట్టి దిశ స్టేషన్లు తెరిచారు, యాప్ తెచ్చారు. మళ్ళీ విడి స్టేషన్లే. ఆ రాత్రి సమస్య మాత్రం మామూలు స్టేషన్లో కూర్చున్నవాళ్ళు పరిధి చూడకుండా కాగితం తీసి రాసుకోకపోవడం. గ్రామ సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శుల్ని పెట్టి 2021లో వాళ్ళకి మహిళా పోలీస్ అని పేరు మార్చారు, యూనిఫాం ఇచ్చారు, పోలీసు పరీక్ష రాయకుండా, పోలీసు ట్రైనింగ్ లేకుండా పోలీసులు ఎలా అవుతారని కొందరు హైకోర్టుకెళ్ళారు. పాపం ఆ అమ్మాయిలు ఎటూ కాకుండా మధ్యలో నలిగారు.

కాబట్టి ఇంకోసారి ఎవరైనా "మా ప్రభుత్వం ఇన్ని మహిళా స్టేషన్లు తెరిచింది" అంటే నేను అడిగేది ఒకటే, మీ మామూలు లా అండ్ ఆర్డర్ స్టేషన్లలో ఆడ ఎస్‌హెచ్‌ఓలు ఎంతమంది అని. ఎన్ని టాయిలెట్లు కట్టారు, క్రెష్ ఉందా, ప్రెగ్నెన్సీ తర్వాత నైట్ డ్యూటీ ఎలా వేస్తున్నారు అన్నవి దాని వెంటే వస్తాయి. 1979 బ్యాచ్ ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారిణి అరుణా బహుగుణ హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీకి 2014లో మొదటి మహిళా డైరెక్టర్ అయ్యారు, అంటే దేశంలో ఐపీఎస్‌లందరికీ ట్రైనింగ్ ఇచ్చే చోట పైకుర్చీలో ఆడమనిషి కూర్చుంది, అది జరిగి పదేళ్ళు దాటింది. సర్కిల్ ఆఫీసులో కూర్చోవడం ఇంకా వార్త అవుతోంది.

ఈలోపు స్టేషన్‌కి వెళ్ళాల్సి వచ్చినవాళ్ళకి పనికొచ్చేది చెప్తాను. మా పరిధి కాదు అనే మాట ఇప్పుడు చెల్లదు, బీఎన్ఎస్ఎస్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, మహిళా స్టేషన్‌కే పోవాలని ఏ చట్టంలోనూ లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు రాసి ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి, అక్కడా కదలకపోతే ఆ రసీదుతో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. అత్యాచారం లాంటి కేసుల్లో ఫిర్యాదు రాసుకోకపోవడమే నేరం, 2013 నుంచి ఉన్న సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 199, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. రైటర్ ముందు ఆ నంబరు పలికితే చాలాసార్లు పెన్ను కదులుతుంది.